బొమ్మ చేసిన తప్పేమిటి?

చాలా కాలంగా వ్రాద్దామనుకుంటూ, వ్రాసి మాత్రం ఎవరిని మార్చగలమనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చిన సంగతి ఇది. పిల్లల సినిమాల మీద పెద్దవాళ్ళకు ఇంత ఆవేశమెందుకని నవ్వేవారు నవ్వవచ్చు. నా దృష్టిలో ఇది పిల్లల సినిమాల గొడవ కాదు. బొమ్మ గీయడమనే ప్రాచీనమైన కళను పూర్తికాని పనిగా లెక్కగట్టి, దానికి మేము నిజరూపం ప్రసాదిస్తున్నామని చెప్పుకునే ఒక వ్యాపారం గురించిన గొడవ.

ముందుగా ఒక చిన్న సంఘటన. 2019 జులైలో, ఏడేళ్ళ మా మేనకోడలిని వెంటబెట్టుకుని 'ది లయన్ కింగ్' కొత్త చిత్రానికి వెళ్ళాను. తెలుగులోకి డబ్బింగు చేసిన ప్రతి. సింబాకు నాని, స్కార్‌కు జగపతిబాబు, పుంబాకు బ్రహ్మానందం, టిమోన్‌కు అలీ గొంతులిచ్చారు. ఆ గొంతులు వినబడినప్పుడల్లా హాల్లో ఈలలు. సగం సినిమా గడిచాక మా పిల్ల నా చెవిలో మెల్లగా అడిగింది: "మామయ్యా, ఇప్పుడు మాట్లాడుతున్నది ఏ సింహం?" తెర మీద నాలుగైదు ఆడసింహాలు నిలబడి ఉన్నాయి. నిజం చెప్పొద్దూ, నాకూ తెలియలేదు.

ఇంటికి వచ్చాక 1994 నాటి పాత చిత్రం పెట్టాను. ఆ ప్రశ్న మళ్ళీ రాలేదు. చచ్చిపడిన తండ్రి పక్కన కూన సింహం ఒదిగి పడుకున్న ఘట్టం వచ్చినప్పుడు మాత్రం, మా పిల్ల మాటా పలుకూ లేకుండా నా మోచేయి పట్టుకుంది. అదే ఘట్టం మధ్యాహ్నం హాల్లో వచ్చినప్పుడు పాప్‌కార్న్ తింటూనే ఉంది.

ఒక్క పసిపిల్ల ప్రవర్తన మీద సిద్ధాంతం కట్టేస్తావా అని మీరు అడగవచ్చు. కట్టను. కాని ఆ తేడాకు కారణమేమిటని ఆలోచించకుండా ఉండలేకపోయాను. కథ ఒకటే, పాటలు దాదాపు అవే, ఘట్టాల వరస కూడా చాలావరకు అదే. మారినది ఒక్కటే: మొదటిదాంట్లో సింహాలను గీశారు, రెండోదాంట్లో సింహాలు నిజంగా ఉన్నట్టు చూపాలనుకున్నారు. మొదటి చిత్రంలో స్కార్‌కు నల్లటి జూలు, లోపలికి పోయిన చెక్కిళ్ళు, సగం వాలిన కనురెప్పలు. అతడు నోరు విప్పకముందే అతడి మనసు మనకు తెలుస్తుంది. సింహం అలా ఉండదని చిత్రకారుడికి తెలియక కాదు. ఉన్నది ఉన్నట్టు గీస్తే తాను చెప్పదలచినది చెప్పలేనని తెలిసి అలా గీశాడు. 2019 చిత్రం అడవిలోని సింహాన్నే ఆదర్శంగా పెట్టుకుంది. అడవి సింహం ముఖంలో ఈర్ష్య, దుఃఖం, వెటకారం మన చూపుకు అందవు. అందువల్ల జూలులో వెంట్రుక వెంట్రుకా గాలికి కదిలింది. ముఖం మాత్రం కదలలేదు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ రోజు హాల్లో సినిమాను బతికించినది మన నటుల గొంతులే. గీతలో ఉండవలసిన అతిశయం గొంతుల్లో మిగిలింది.

ఇంకో విచిత్రం చూడండి. ఈ చిత్రాన్ని లోకమంతా 'లైవ్ యాక్షన్' అనే పిలిచింది. అంటే నిజమైన నటులతో, నిజమైన కెమెరాతో తీసినదని అర్థం. కాని అందులో కెమెరాతో తీసిన షాట్ ఒకే ఒక్కటని దర్శకుడు జాన్ ఫావ్రో స్వయంగా వెల్లడించాడు. అది మొదట్లో వచ్చే సూర్యోదయం. మిగిలినదంతా కంప్యూటరు మీద చేసిన యానిమేషనే. గోల్డెన్ గ్లోబ్ వారు దాన్ని యానిమేషన్ చిత్రాల విభాగంలోనే నామినేట్ చేశారు. అంటే, యానిమేషన్ కళాకారులే రాత్రింబవళ్ళు కష్టపడి చేసిన పనిని, ఇది యానిమేషన్ కాదన్నట్టు జనం ముందుకు తెచ్చారన్నమాట. పట్నంలో పెద్దవాడైన కొడుకు, పల్లెనుంచి వచ్చిన తల్లిని స్నేహితులకు పనిమనిషిగా పరిచయం చేసినట్టుంది వ్యవహారం.

ఇది ఒక్క చిత్రంతో పోయే జాడ్యం కాదు. 2010లో 'ఆలిస్ ఇన్ వండర్‌లాండ్' వంద కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసిననాటి నుంచి డిస్నీ సంస్థ తన పాత పెట్టె తెరిచి ఒక్కొక్క బొమ్మనే బయటికి తీస్తోంది. 2015లో సిండరెల్లా, 2016లో జంగిల్ బుక్, 2017లో బ్యూటీ అండ్ ద బీస్ట్, 2019 ఒక్క ఏడాదిలోనే డంబో, అల్లాదీన్, లయన్ కింగ్, 2020లో ములాన్, 2022లో పినోకియో, 2023లో లిటిల్ మెర్‌మెయిడ్, 2025లో స్నో వైట్, లీలో అండ్ స్టిచ్. లయన్ కింగ్ ఒక్కటే 160 కోట్ల డాలర్లు దాటింది. ఆ రుచి పొరుగువారికీ తగిలింది. 2010లో 'హౌ టు ట్రైన్ యువర్ డ్రాగన్' బొమ్మల చిత్రానికి దర్శకులైన ఇద్దరిలో ఒకడైన డీన్ డెబ్లోయిస్, 2025లో యూనివర్సల్ వారి కోసం అదే చిత్రాన్ని నటులతో మళ్ళీ తీశాడు. అప్పుడు తండ్రి పాత్రకు గొంతిచ్చిన జెరార్డ్ బట్లరే ఇప్పుడు గడ్డం పెట్టుకుని ఆ వేషం కట్టాడు.

డబ్బు సంపాదించడం పాపమని నేననను. సినిమా మొదటి నుంచీ వ్యాపారమే. నా అభ్యంతరం ఈ వ్యాపారానికి ఆధారంగా నిలిచిన ఊహ మీద. బొమ్మ పసివాళ్ళది, ఛాయాచిత్రం పెద్దవాళ్ళది. బొమ్మ చిత్తుప్రతి, ఛాయాచిత్రం శుద్ధప్రతి. బొమ్మ కల, ఛాయాచిత్రం ఆ కల నిజం కావడం అన్నదే ఆ ఊహ. 2022 ఆస్కార్ సభలో యానిమేషన్ చిత్రానికి బహుమతి ఇవ్వడానికి ముగ్గురు నటీమణులను వేదిక మీదికి పిలిచారు. ముగ్గురూ ఇలా తిరగతీసిన చిత్రాల్లో రాకుమార్తెలుగా వేసినవారే, లేదా వేయబోతున్నవారే. ఈ సినిమాలను పిల్లలు మళ్ళీ మళ్ళీ చూస్తారు, తల్లిదండ్రులు ఓర్చుకుంటారు అన్న ధోరణిలో వారిచేత ఒక హాస్యం పలికించారు. బొమ్మలు గీసేవాళ్ళకు ఏడాదికొక్కసారి సన్మానం చేసే ఆ నాలుగు నిమిషాల్లో కూడా ఆ చులకన దాగలేదు. బతుకంతా గీతకు అర్పించినవాళ్ళు కింద కుర్చీల్లో కూర్చుని అది విన్నారు.

ఈ ఊహ ఎంత తప్పో తెలుసుకోవడానికి దూరం వెళ్ళనక్కరలేదు. డిస్నీ సంస్థ తన సొంత చరిత్ర తిరగేసుకుంటే చాలు. 1937 డిసెంబరులో విడుదలైన స్నో వైట్ చిత్రానికి పనిచేస్తున్నప్పుడు, వాళ్ళు మొదట నిజమైన అమ్మాయినే కెమెరా ముందు నిలబెట్టారు. తరవాతి కాలంలో మార్జ్ చాంపియన్‌గా పేరు పొందిన నర్తకి అప్పటికింకా పడుచుపిల్ల. ఆమె నడిచింది, నాట్యమాడింది, పావడా పట్టుకుని గిర్రున తిరిగింది. అదంతా ఫిల్ము మీదికి ఎక్కించి, చిత్రకారుల బల్లల మీద పెట్టారు. ఫిల్ము మీద కాగితం వేసి, ఉన్నది ఉన్నట్టు గీసే యంత్రం కూడా అప్పటికే ఉంది. రోటోస్కోప్ అనే ఆ పద్ధతికి మాక్స్ ఫ్లైషర్ 1917లోనే పేటెంటు పొందాడు. అలా గీసి చూస్తే ఏమయింది? బొమ్మ బిగుసుకుపోయింది. కదులుతుంది కాని ప్రాణం లేదు. కెమెరా చూసినదాన్ని వదిలి, దానిలోని లయను మాత్రం పట్టుకుని, ఒకచోట సాగదీసి, ఒకచోట కుదించి, అనవసరమైనది తీసేసి గీసినప్పుడే స్నో వైట్ లేచి నిలబడింది.

దీన్నిబట్టి ఏమి తేలుతోంది? ఛాయాచిత్రం మొదటి మెట్టు, బొమ్మ దాని పై మెట్టు. నిజం అమ్మాయిని చూసి, అది చాలక, బొమ్మ దగ్గరికి వెళ్ళారు వాళ్ళు. 88 ఏళ్ళ తరవాత, 2025లో, వారి వారసులు అదే మెట్టు దిగివచ్చి దాన్ని ముందడుగు అన్నారు. నటి రేచల్ జెగ్లర్ రక్తమాంసాలతో ఒక పక్క, కంప్యూటరు చేసిన ఏడుగురు మరుగుజ్జులు ఇంకో పక్క. చర్మం మీద ముడతలు, ముక్కు మీద రంధ్రాలు సహా కనిపించే ఆ మరుగుజ్జులను చూస్తే జాలీ కలగదు, నవ్వూ రాదు. పాత చిత్రంలో నాలుగు గీతల్లో తేలిపోయిన బిడియస్థుడి సిగ్గు, లక్ష వివరాల్లో కనబడకుండా పోయింది. పెట్టిన ఖర్చుకు తగ్గ వసూళ్ళు కూడా రాలేదు.

అద్భుతరసానికీ బొమ్మకూ ఉన్న చుట్టరికం ఇక్కడే ఉంది. బొమ్మల లోకంలో రాకుమారి, మంత్రగత్తె, అద్దం, చెట్టు, కుందేలు అన్నీ ఒకే గీతతో, ఒకే రంగుతో చేసినవి. ఒకటి నిజం, ఒకటి అబద్ధం అన్న తేడా అక్కడ పుట్టదు. అందుచేత కుందేలు మాట్లాడితే మనకు వింత కాదు. చందమామలో శంకర్ గీసిన విక్రమార్కుణ్ణి ఒక్కసారి తలచుకోండి. చేత కత్తి, భుజాన శవం, చుట్టూ శ్మశానం. ఆ శవంలోని బేతాళుడు కథ చెబుతాడంటే మనలో ఏ ఒక్కరమైనా ఎదురు ప్రశ్న వేశామా? ఆ రాజు పక్కన నిజమైన శవం ఫోటో అంటిస్తే ఏమవుతుంది? భయం పోయి రోత పుడుతుంది. లిటిల్ మెర్‌మెయిడ్ పాత చిత్రంలో గంతులు వేసిన పీత, 2023 చిత్రంలో చేపల బజారులో మనం చూసే పీతే. అది పాడుతుంటే నాకు పాట వినబుద్ధి కాలేదు.

1992 నాటి అల్లాదీన్‌లో దీపంలోని భూతాన్ని చూడండి. రాబిన్ విలియమ్స్ అనే నటుడు మైకు ముందు నిలబడి క్షణానికో గొంతు మారుస్తూ పోయాడు. ఎరిక్ గోల్డ్‌బర్గ్ అనే చిత్రకారుడు, అమెరికా పత్రికల్లో వ్యంగ్యచిత్రాలు గీసిన ఆల్ హిర్ష్‌ఫెల్డ్ గీతను గురువుగా పెట్టుకుని, ఆ గొంతు వెంట పరుగెత్తాడు. మాట మారేలోపు ఆకారం మారుతుంది. పొగ మనిషవుతుంది, మనిషి గొర్రె అవుతాడు. ఇది గీతకు మాత్రమే సాధ్యమైన వేగం. 2019లో విల్ స్మిత్‌కు నీలిరంగు పూశారు. పాపం, ఆయన తన వంతు కష్టపడ్డాడు. తెలుగులో వెంకటేశ్ గొంతు కూడా హాయిగానే ఉంది. కాని ఎముకలున్న శరీరం ఎముకలున్న శరీరమే.

తెలుగువాళ్ళకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. మనం అందమైన ఆడపిల్లను చూసి ఏమంటాం? బాపు బొమ్మలా ఉందంటాం. కుందనపు బొమ్మ అంటాం. నిజం మనిషిని మెచ్చుకోవడానికి బొమ్మతో పోల్చిన జాతి మనది. సినిమాకు కూడా బొమ్మ అనే ముద్దుపేరు పెట్టుకున్నాం. తోలుబొమ్మలాటలో తెర వెనక ఉన్నది తోలు ముక్కేనని తెలిసి కూడా సీతమ్మ కష్టాలకు కన్నీళ్ళు పెట్టుకున్న పల్లెలు మనవి. తోలుకు బదులు నిజం మనిషిని ఆడిస్తే ఇంకా ఎక్కువ ఏడ్చేవాళ్ళమని ఏ తాతా అనుకున్నట్టు నేను వినలేదు.

ఇక్కడ మీలో కొందరు 'మరి మాయాబజారు మాటేమిటి?' అని అడుగుతారని తెలుసు. 1957లో వచ్చిన ఆ చిత్రం నిజం మనుషులతో తీసిన అద్భుత కథే కదా! పైగా శశిరేఖ కథ నాటకాలవాళ్ళు ఆడినదే, 1936లో ఒకసారి సినిమాగా వచ్చినదే. తిరగతీయడమే తప్పయితే మాయాబజారూ తప్పేనా?

మంచి ప్రశ్న. చెప్పిన కథను మళ్ళీ చెప్పడం తప్పని నేనెక్కడా అనలేదు. రామాయణాన్ని ఇన్నిసార్లు చెప్పుకున్న జాతివాణ్ణి, ఆ మాట అంటే నాకు పుట్టగతులుండవు. కాని మళ్ళీ చెప్పేవాడు తనదైనదేదో తేవాలి. కె.వి. రెడ్డిగారు పాండవుల ఇంటి కథను, పాండవులు ఒక్కరూ తెర మీద కనబడకుండా నడిపించారు. మార్కస్ బార్ట్‌లే కెమెరాతో చేసినది కెమెరాకు చేతనైన గారడీ. ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు ఎగిరి వెళ్ళే ఆ ఘట్టం ఎవరో గీసిన బొమ్మకు నకలు కాదు. రంగారావుగారి విగ్రహాన్ని, ఆ నవ్వును నమ్ముకుని, సినిమా కోసమే ఊహించినది. నటులతో అద్భుతం సాధ్యం కాదని కాదు నా వాదన. బొమ్మగా పుట్టి, బొమ్మగా పరిపూర్ణమైనదాన్ని ఊడదీసి ఫోటోగా మార్చడం అద్భుతం కాదని నా వాదన.

అందుకే 2016 నాటి జంగిల్ బుక్‌ను నేను ఈ తిట్ల జాబితా నుంచి మినహాయిస్తాను. అదీ ఫావ్రో తీసినదే. లాస్ ఏంజెలెస్‌లో స్టూడియో గోడల మధ్య, నీల్ సేఠీ అనే కుర్రవాణ్ణి నిలబెట్టి, చుట్టూ కంప్యూటరుతో అడవిని అల్లారు. అయినా అది 1967 నాటి బొమ్మల చిత్రానికి నకలుగా మిగిలిపోకుండా, మధ్యమధ్య కిప్లింగ్ పుస్తకం దాకా వెనక్కి వెళ్ళింది. కరవు కాలంలో నీటి దగ్గర పులీ జింకా పాటించే ఒప్పందం పాత చిత్రంలో లేదు, పుస్తకంలో ఉంది, కొత్త చిత్రంలో ఉంది. మళ్ళీ చెప్పడమంటే అది.

2022 సంవత్సరం ఈ తేడాను పక్కపక్కన పెట్టి చూపింది. ఆ ఏడు రెండు పినోకియోలు వచ్చాయి. ఒకటి డిస్నీవారు తమ 1940 నాటి బొమ్మల చిత్రాన్ని నటులతో, కంప్యూటరుతో తిరగతీసినది. రెండోది గియెర్మో దెల్ తోరో నిజమైన బొమ్మలను చేత్తో ఒక్కొక్క ఫ్రేముకు కాస్త కాస్త కదుపుతూ తీసినది. ఆ కొయ్యబొమ్మ కథను ముసోలినీ కాలపు ఇటలీలో పెట్టి, చెప్పినమాట వినడం ఎప్పుడూ మంచిదేనా అన్న ప్రశ్న వేసినది. ఆస్కార్ రెండోదానికి వచ్చింది. మొదటిదాన్ని ఇప్పుడు తలచుకునేవారు నాకు కనబడరు.

'ఈ కాలపు పిల్లలు పాత బొమ్మలు చూడరండీ' అన్నది మరో సాకు. ఎవరు చెప్పారు? ఎనభై దాటిన మియాజాకీ 2023లో చేతిగీతతో 'ది బాయ్ అండ్ ద హెరాన్' తీస్తే లోకం చూసింది, మరుసటి ఏడు ఆస్కార్ కూడా ఇచ్చింది. 2025 జులైలో వచ్చిన 'మహావతార్ నరసింహ' యానిమేషన్ చిత్రానికి మన తెలుగునాట కుటుంబాలు కుటుంబాలే కదలివెళ్ళాయి. ప్రహ్లాదుడు బొమ్మగా ఉన్నాడని ఏ అమ్మమ్మా అలగలేదు.

ఇక అసలు బాధ చెబుతాను. ఫ్లారిడాలోని ఓర్లాండోలో, డిస్నీవారి వినోదవనంలోనే ఒక బొమ్మల స్టూడియో ఉండేది. 1989లో మొదలైంది. సందర్శకులు అద్దాల వెనక నిలబడి, లోపల చిత్రకారులు పెన్సిళ్ళతో గీయడం చూసేవారు. 1998 నాటి ములాన్, 2002 నాటి లీలో అండ్ స్టిచ్ ప్రధానంగా అక్కడ గీసినవే. లీలో చిత్రానికి వెనక దృశ్యాలన్నీ, దశాబ్దాలుగా వాళ్ళు వదిలేసిన నీటిరంగులతో వేశారు. ఆ హవాయి సాయంకాలాలు తడి ఆరని కాగితంలా ఉంటాయి. 2004లో ఆ స్టూడియోను మూసేశారు. ఇక చేత్తో గీసే కాలం పోయిందన్నారు. 2011లో విన్నీ ద పూ తరవాత ఆ సంస్థనుంచి పూర్తిగా చేతిగీతతో చేసిన పెద్ద చిత్రం రానేలేదు.

ఆ రెండు చిత్రాలూ ఇప్పుడు నటులతో తిరిగి వచ్చాయి. 2020 నాటి ములాన్‌లో, హాస్యానికి ప్రాణమైన ముషు అనే చిట్టి డ్రాగన్ లేదు. పాత్రలు పాటలు పాడవు. నిజానికి దగ్గరగా రావాలంటే అద్భుతాన్ని ఇంటినుంచి గెంటాలన్నమాట! 2025 నాటి లీలో వంద కోట్ల డాలర్లు దాటింది. గీసినవాళ్ళ స్టూడియో మూతపడి ఇరవై ఏళ్ళు దాటాక, వాళ్ళ గీతమీద వంద కోట్లు. చేతులు వద్దు, ఆ చేతులు చేసినది మాత్రం కావాలి. ఈ లెక్కలో నాకు కనిపించే అన్యాయం మీకూ కనిపిస్తోందా?

మా మేనకోడలికి ఇప్పుడు పదమూడు దాటాయి. బొమ్మలు బాగా వేస్తుంది. మొన్న ఊరికి వెళ్ళినప్పుడు ఒక గుర్రాన్ని గీసి చూపించింది. మెడ పొడుగు, కాళ్ళు సన్నం, జూలు మంటలా లేచి ఉంది. ఒక్క ఉదుటున కాగితం దాటి దూకేస్తుందేమో అన్నట్టుంది. నేను మెచ్చుకునేలోగానే అది మొహం చిన్నబుచ్చుకుని, "నిజం గుర్రంలా రాలేదు కదా మామయ్యా?" అంది. పక్కనే ఫోనులో ఒక గుర్రం ఫోటో పెట్టుకుని ఉంది. రబ్బరుతో కాళ్ళు చెరిపి సరిచేయబోతోంది.

నా గొడవంతా ఆ రబ్బరుతో. నూరేళ్ళు దాటిన ఒక గొప్ప కళను, దాన్ని కన్నవాళ్ళే 'నిజంలా రాలేదు కదా' అని చెరుపుకుంటుంటే, ఆ మాట ఎంతమంది పిల్లల చేతిలోకి రబ్బరై చేరుతోందో ఎవరు లెక్కపెడుతున్నారు? ఇలాంటి చిత్రాలు ఇంకా వస్తాయి; 2016 నాటి మోవానా వంతు కూడా అప్పుడే వచ్చేసింది. మనం ఆపలేం. కాని మన ఇళ్ళలో పిల్లలకు ముందుగా అసలు బొమ్మ చూపించగలం. నకలు తరవాత చూస్తారో మానతారో వాళ్ళ ఇష్టం.

రబ్బరు తీసి పక్కన పెట్టించాను. గుర్రం అలాగే ఉంది.